అటక మీది అమ్మలు

కొత్త పుస్తకాలు మా ఇంటికి వానలతో పాటే వస్తాయి. ప్రచురణకర్తలకూ మబ్బులకూ ఏదో ఒప్పందం ఉన్నట్టు, మొదటి జల్లు పడిన వారానికల్లా మా కొట్టు ముందు అట్టపెట్టెల బండి ఆగుతుంది. కింద కొట్టు, పైన ఇల్లు. పెట్టెలు తడవకుండా లోపలికి చేర్చేసరికి మా ఆయనకూ నాకూ తలప్రాణం తోకకొస్తుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

మా కొట్టుకు పేరు తెచ్చింది గుమ్మం పక్కనుండే బల్ల. ఆ ఏడు వచ్చిన కొత్త పుస్తకాల్లో నిజంగా చదవదగ్గవే ఆ బల్ల ఎక్కుతాయి. కుడివైపు పెద్దవాళ్ళకి, ఎడమవైపు పిల్లలకి, మధ్యలో అటు పెద్దా ఇటు చిన్నా కాని వాళ్ళకి. ఇంట్లో ఎవరో ఒకరు మొదటి నుంచి చివరిదాకా చదవనిదే ఏ పుస్తకమూ దాని మీదికి వెళ్ళకూడదు. పిల్లల పుస్తకమైతే ఇంకో పరీక్ష కూడా ఉంది. ఆదివారం పొద్దున కొట్లో చాప పరిచి, వీధిలో పిల్లల్ని పోగేసి పైకి చదువుతాం. ఏ పేజీ దగ్గర పిల్ల లేచిపోతే ఆ పేజీలో ఒక దారం పెడతాం. దారాలు ఎక్కువైన పుస్తకం, అట్ట మీద ఎన్ని బహుమతుల ముద్రలున్నా సరే, వెనక అరలోకి పోవలసిందే. ఈ పద్ధతి మా అత్తయ్యది. పెద్దవాళ్ళు మొహమాటానికి చివరిదాకా కూర్చుంటారు, పిల్లలకి ఆ జబ్బు లేదు అంటుంది ఆవిడ.

ఆ ఏడు ఇంట్లో ఇంకొకరు కూడా ఉన్నారు. మా ఆడపడుచు కూతురు. ఎండలు ముదరకముందే మామూలు జ్వరంలా వచ్చిన జబ్బు మా ఆడపడుచును తీసుకుపోయింది. ఆవిడ భర్త ఓడల్లో ఇంజన్లు బాగుచేసే మనిషి. ఓడ ఎక్కాడంటే నెలల తరబడి నీళ్ళ మీదే. సెలవు అయిపోగానే పన్నెండేళ్ళ పిల్లను మా దగ్గర వదిలి, వానాకాలం చివర్లో వచ్చి ఏదో ఒకటి తేలుస్తానని చెప్పి వెళ్ళాడు.

ఆ పిల్లకు మా ఆయన ఎప్పుడో పెట్టిన పేరు లాయరమ్మ. సెలవులకు వచ్చినప్పుడల్లా ప్రతిదానికీ వాదనే. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడంటే, ఆయనేం ఉదయించడు మామయ్యా, మనమే తిరుగుతాం అనేది. అలాంటి పిల్ల ఆ ఏడు నోరు విప్పలేదు. అడిగితే ఊ, లేదంటే ఉహూ. అన్నం దగ్గర నుంచి సగంలో లేచిపోయేది, ఆట నుంచి సగంలో లేచిపోయేది. మెట్ల మీద మోకాళ్ళకు గడ్డం ఆనించి కూర్చునేది. 

అత్తయ్య గట్టి మనిషి. కూతురి ఫోటో తీసి బీరువాలో పెట్టేసింది. దాని మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదంది, పిల్ల బెంగ పెట్టుకుంటుందంది. నిజమే కాబోలనుకున్నాను. ఒకరోజు ఆవిడ ఫోన్లో అల్లుడితో మాట్లాడుతుంటే నా చెవిన పడింది.

“దానిది అచ్చం తల్లి నడకే బాబూ. మెట్లు దిగుతుంటే నా కూతురే దిగుతున్నట్టుంటుంది. నా వల్ల కావడం లేదు. ఏదైనా మంచి హాస్టల్ చూడు.”

అవతల అతను సరేనన్నట్టున్నాడు. ఆవిడ ఫోన్ పెట్టేసి, గోడవైపు తిరిగి చాలాసేపు అలాగే నిలబడింది.

మాకు పిల్లల్లేరు. అందుకే ఆశపడుతోందని అంటారేమోనని బయటికి అనలేదు గానీ, ఆ పిల్ల మా దగ్గరే ఉండాలని నా ప్రాణం కొట్టుకుంది. మా ఆయనను కదిపి చూశాను. ఆయనకూ మనసులో అదే ఉంది. కానీ తల్లి ముందు ఆయన నోట్లో నాలుక లేని మనిషి. అమ్మ కడుపుకోత మనకేం తెలుసు, ఆవిడ చూడలేనంటుంటే ఎలా బలవంతం చేస్తాం అన్నాడు.  వానలు వెలిస్తే పిల్ల వెళ్ళిపోతుందన్నది మాత్రం ఖాయమైపోయింది. మనుషులంతా వానెప్పుడు ఆగుతుందా అని చూస్తుంటే, నేనొక్కదాన్ని ఆగకూడదని కోరుకుంటూ తిరిగాను.

పెట్టెలు వచ్చిన రోజే అత్తయ్య నాకొక పని అప్పజెప్పింది. ఈసారి తల్లి చనిపోయే పుస్తకం ఒక్కటి కూడా కింద కనపడకూడదు, వెతికి అటకెక్కించమంది. ఎన్నుంటాయిలే అనుకున్నాను. అదిగో, అక్కడే పప్పులో కాలేశాను. పిల్లల పుస్తకాలు రాసేవాళ్ళకు అమ్మల మీద ఏం కోపమో తెలియదు. కుందేలుపిల్ల కథ తెరిస్తే తల్లి కుందేలు లేదు. రాజకుమారి కథలో మొదటి వాక్యంలోనే రాణిగారు పోయింది. అంతరిక్షంలోకి వెళ్ళిన పిల్లవాడికి కూడా భూమ్మీద అమ్మ లేదు. ఇంట్లో అమ్మ ఉంటే పిల్లల్ని గడప దాటనివ్వదు, కథ నడవదు, అందుకని ముందే ఆవిడ అడ్డు తప్పిస్తారు కాబోలు. మొత్తానికి అటక నిండిపోయింది.

మిగిలినవాటితో బల్ల సర్దడం మొదలుపెట్టాం. ఆ ఏడు మంచి పుస్తకాలు చాలానే వచ్చాయి. పెద్దవాళ్ళకి, పోట్లాడుకుని విడిపోయిన అన్నదమ్ములైన తమ భర్తలను పట్టించుకోకుండా కలిసి అచ్చుకూటం నడిపిన తోడికోడళ్ళ నవల ఒకటి. నేను వంట మాడబెట్టి మరీ చదివాను. మధ్యవాళ్ళకి, లిఫ్టులు బాగుచేసే పని నేర్చుకుంటూ ఒకసారి ఒక జడ్జిగారితో పాటు లిఫ్టులో ఇరుక్కుపోయిన అమ్మాయి కథ. చిన్నపిల్లలకి, పెళ్ళికి బయల్దేరి పిల్లల బారసాలకు చేరిన నత్త. మా పళ్ళ డాక్టరుగారు ఎప్పటిలాగే వచ్చి, రోజంతా ఏడిచేవాళ్ళనే చూస్తుంటానమ్మా, ఏడిపించనిది ఇవ్వు అని అడిగారు. తోడికోడళ్ళను ఇచ్చి పంపాను.

ఒక గొడుగుల పుస్తకం మాత్రం మా ఆయన చదివాడు. చదివాడు అనకూడదు. కొట్టూ, ఇల్లూ, చెల్లెలు పోయిన దిగులూ కలిసి మనిషి సగమైపోయాడు, పుస్తకాలేమో కుప్పలుగా ఉన్నాయి. మొదటి పది పేజీలు, చివరి పది పేజీలు చూసి బాగుందనేశాడు. తల్లీ కూతుళ్ళు గొడుగులు బాగుచేస్తుంటారట, చివర్లో జోరువానలో అమ్మ కుట్టిన పెద్ద గొడుగు కింద వీధిలో పిల్లలంతా నిలబడతారట. ఇంతకంటే ఏం కావాలి, ఈ ఆదివారం చదివెయ్ అని నా చేతిలో పెట్టాడు. మా ఇంట్లో చదవని పుస్తకాన్ని చదివానని ఎవరూ అనరు. అందుకే నేనూ తిప్పి చూడలేదు.

ఆదివారం వాన ధారగా కురుస్తోంది. ఐనా చాప నిండింది. అత్తయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. లాయరమ్మ ఎప్పటిలాగే చాప మీదికి రాకుండా కింది మెట్టు మీద కూర్చుంది. గొడుగుల కథ మొదట భలే నవ్వించింది. ఊచ విరిగిన గొడుగులన్నీ ఆసుపత్రిలో రోగుల్లా మాట్లాడుకుంటుంటే పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. ఒక్కరూ కదల్లేదు. నేను ఉషారుగా గొంతులు మార్చి మార్చి చదువుతూ పేజీ తిప్పాను. నా కళ్ళు నోటికన్నా ముందు పరిగెత్తాయి. అక్కడ ఇలా ఉంది: వాన వెలిసింది. గొడుగు ఆరింది. అమ్మ మాత్రం లేవలేదు.

 అత్తయ్య వింటోంది. పిల్ల వింటోంది. మా ఆయన నా ఎదురుగా పుస్తకాలు సర్దుతూ ఏమీ ఎరగనట్టు నవ్వుమొహంతో ఉన్నాడు. నోటికొచ్చింది అనేశాను. వాన వెలిసింది, గొడుగు ఆరింది, అమ్మ మాత్రం ఊరెళ్ళింది అన్నాను.

చాప మీద ముందు కూర్చున్న బుడతడు ఏ ఊరని అడిగాడు. పుట్టింటికి అన్నాను. మరి గొడుగు తీసుకెళ్ళలేదా, ఇక్కడే ఆరిందన్నావుగా అన్నాడు. వాడి పక్కపిల్ల, వాన వెలిసింది కదరా అని నా తరఫున సర్దిచెప్పింది. నా చెమటలు నేను తుడుచుకుంటూ తర్వాతి వాక్యం ఎలా దాటించాలా అని చూస్తున్నాను.

“అలా లేదు అత్తా.”

మెట్టు మీద నుంచి. ఇన్ని వారాల తర్వాత ఆ గొంతులో నాలుగు అక్షరాలు కలిసి వినపడటం అదే మొదటిసారి.

“ఆ పుస్తకం నేను చదివాను. అక్కడ ఊరెళ్ళినట్టు లేదు. ఉన్నది ఉన్నట్టు చదువు.”

నేను అత్తయ్యవైపు చూశాను. ఆవిడ నావైపు చూడలేదు, గల్లాపెట్టె మీది పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. ఇక దాటేయడానికి నాకు దారి లేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను.  పిల్లలెవరూ లేవలేదు. బుడతడు నోరు తెరుచుకుని నాకు ఇంకా దగ్గరగా జరిగాడు. కుర్చీ వెనక్కి నెట్టిన చప్పుడైంది. అత్తయ్య లేచి, మాకెవరికీ మొహం చూపించకుండా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

లాయరమ్మ పక్కకు జరిగి ఆవిడకు దారి ఇచ్చింది. తర్వాత చాప దగ్గరికి వచ్చి, దారాల డబ్బాలోంచి ఒక దారం తీసి, నా చేతిలోని పుస్తకంలో ఆ పేజీ మధ్యన పెట్టింది.

“ఇక్కడ అమ్మమ్మ లేచింది,” అని చెప్పి, మిగతాది వినడానికి చాప మీద కూర్చుంది.

పిల్లలు వెళ్ళిపోయాక మా ఆయనను వెనక గదిలోకి లాక్కెళ్ళి కడిగేశాను. గట్టిగా అరవడానికి లేదు, గుసగుసల్లోనే తిట్టాలి, దానితో నా కోపం రెట్టింపైంది. చివర్లో అమ్మ గొడుగు కింద నిలబడతారు కదే అంటాడు పాపం. గొడుగుంది మహానుభావా, అమ్మ లేదు అన్నాను. ఆయన అక్కడే పెట్టె మీద కూలబడ్డాడు. చెల్లెలు పోయాక ఆయన ఏడవడం నేనప్పుడే చూశాను. ఇక తిట్టబుద్ధి కాలేదు. పక్కన కూర్చున్నాను.

భోజనాల వేళ దాటినా పైనుంచి పిలుపు రాలేదు. భయపడుతూ వెళ్ళాను. వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాను. అత్తయ్య గోడవైపు తిరిగి, తోమిన గిన్నెలనే మళ్ళీ తుడుస్తోంది. లాయరమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గొడుగుల పుస్తకం.

“ఇక్కడి నుంచి నీకు తెలీదు కదా అమ్మమ్మా,” అంటోంది. “నువ్వు లేచొచ్చేశావు. దీని తర్వాత బాగుంటుంది.”

అత్తయ్య ఇటు తిరగలేదు. గిన్నె తుడుస్తూనే ఉంది.

“బాగుంటుందా?”

“కొంచెం.”

“సరే. చదువు.”

పిల్ల చదివింది. నేను లోపలికి వెళ్ళలేదు, కిందికీ వెళ్ళలేదు. గిన్నెల చప్పుడు ఎక్కడో మధ్యలో ఆగిపోయింది. కాసేపయ్యాక తొంగి చూస్తే అత్తయ్య కూడా గడప మీదే, మనవరాలి పక్కనే కూర్చుని ఉంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం లాయరమ్మ నన్ను నిచ్చెన పట్టుకోమని అడిగింది. ఎందుకూ అంటే, అటక మీదవి దించాలి అంది.  అటక సంగతి నీకెలా తెలుసని అడిగితే, అన్నీ చదివేశాను అత్తా, మీరు కొట్లో ఉన్నప్పుడు అని తాపీగా చెప్పింది. మేమంతా కళ్ళు గప్పామనుకున్న పిల్ల, ఒక్కో అమ్మనూ అటక మీద ఒంటరిగా పోగొట్టుకుంటూ కూర్చుందన్నమాట. ఆ మాట వినగానే నాకు దుఃఖం పొంగుకొచ్చింది. నిచ్చెన నేనే పట్టుకున్నాను.

ఇక అక్కడి నుంచి మధ్యాహ్నాలు వాళ్ళిద్దరివీ అయిపోయాయి. బయట వాన, లోపల పిల్ల చదవడం, అమ్మమ్మ తీర్పులివ్వడం. అత్తయ్య మొహమాటపడే మనిషి కాదు. రాణిగారు పోయిన కథ విని, తల్లి పోయిన మూడో పేజీకే ఈ పిల్లకు గుర్రపుస్వారీ ఎలా గుర్తొచ్చిందే, అవతల పెట్టు అంది. ఇంకోదాంట్లో పిల్ల అన్నం మానేసి పేజీల కొద్దీ మాట్లాడుతుంది. తల్లిపోయిన పిల్ల ఇన్ని మాటలు మాట్లాడదు, ఈ రాసినవాడు ఎవరినీ చూసి రాయలేదు అని తేల్చేసింది. లాయరమ్మ ఊరుకుంటుందా? కొందరు మాట్లాడతారు అమ్మమ్మా, వినేవాళ్ళుంటే, అని వాదనకు దిగింది. నేను పక్కగదిలో బట్టలు మడతపెడుతూ వింటున్నాను.  అత్తయ్య, మీ అమ్మ కూడా ఇంతే, ఓడిపోతున్నానని తెలిసినా వాదన ఆపేది కాదు అంది. ఇంట్లో కూతురి మాట ఎత్తకూడదన్న మనిషే ఎత్తింది. ఎవరితో వాదించేదని పిల్ల మెల్లిగా అడిగింది. ఆ రోజు పుస్తకం ఇంకో పేజీ ముందుకు సాగలేదు.

అలా వాళ్ళిద్దరి తీర్పులూ దాటి నిలబడిన పుస్తకాలు ఒక్కొక్కటే కిందికి వచ్చి బల్ల మధ్యలో చేరాయి. ఆ ఏడు మా బల్ల మీద మధ్యవాళ్ళ పుస్తకాలే ఎక్కువ. ఎవరికీ చెప్పుకోలేని కష్టాలున్న పెద్దపిల్లలు, పెన్సిళ్ళు కొనే వంకతో వచ్చి, మేం చూడటం లేదనుకున్నప్పుడు వాటిని తిరగేసేవారు. మేమూ చూడనట్టే ఉండేవాళ్ళం. పళ్ళ డాక్టరుగారు కూడా ఒకటి తీసుకుని, మర్నాడు ఎర్రటి కళ్ళతో వచ్చి నన్ను మోసం చేశావమ్మా అని ఇంకోటి అడిగి పట్టుకెళ్ళారు.

ఐనా నాకు ధైర్యం చాల్లేదు. అత్తయ్య మెత్తబడింది గానీ హాస్టల్ మాట వెనక్కి తీసుకోలేదు. అడుగుదామని నోటిదాకా వచ్చేది. అడిగితే ఆవిడ కాదంటే ఆ కాస్త ఆశా పోతుందని మింగేసేదాన్ని. ఇంతలో వానలు పలచబడ్డాయి. ఎండ వచ్చిన ఆదివారం ఓడ దిగి పిల్ల తండ్రీ వచ్చాడు.

అతను ఎప్పుడూ మితభాషే, ఈసారి మరీ నల్లబడి చిక్కిపోయి ఉన్నాడు. కూతురికి కొత్త సూట్‌కేసు తెచ్చాడు. భోజనాల దగ్గర మెల్లిగా చెప్పాడు, హాస్టల్లో సీటు ఖాయమైందట, బుధవారం చేర్పించాలట, మంచి చోటేనట. ఎవరి మొహమూ చూడకుండా కంచంలోకి చూస్తూ చెప్పాడు.  మా ఆయన నావైపు చూశాడు. లాయరమ్మ అన్నం కలపడం ఆపేసింది, లేవలేదు మాత్రం.

“అడిగింది నేనే కదా బాబూ,” అంది అత్తయ్య. “వద్దంటున్నదీ నేనే. అప్పుడు దాన్ని చూడలేకపోయాను. ఇప్పుడు చూడకుండా ఉండలేను.”

అతను తలెత్తాడు.  కూతుర్నే అడిగాడు, నీకెలా ఉంది తల్లీ అని.

“ఉంటాను,” అంది పిల్ల. “కానీ నువ్వు వచ్చినప్పుడల్లా అమ్మ గురించి చెప్పాలి. అమ్మమ్మకి చిన్నప్పటి అమ్మే తెలుసు. తర్వాతి అమ్మ నీకే తెలుసు.”

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, లేచి మంచినీళ్ళ కోసం వెళ్ళినట్టు వెళ్ళి మొహం తుడుచుకుని వచ్చాను. వచ్చేసరికి అతను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. చేతులు చూసుకుంటున్నాడు. తర్వాత కొద్దిగా నవ్వాడు.

మీ అమ్మకి సైకిల్ తొక్కడం రాదు, అని మొదలుపెట్టాడు. పెళ్ళయిన కొత్తలో చెప్పిందట. నేర్పిస్తానన్నాడట. ఒక సెలవంతా సాయంత్రాలు ఆవిడ సైకిలెక్కితే, ఇతను వెనక సీటు పట్టుకుని వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి రొప్పుతూ పరిగెత్తేవాడట. వదిలితే పడిపోతాను, వదలొద్దు అని ఆవిడ ఒకటే అరుపులట. ఓడ ఎక్కే ముందు రోజు ఎట్టకేలకు వచ్చేసిందట. జీవితంలో ఎవరికైనా ఏమైనా నేర్పించానంటే అదొక్కటే అన్నాడు, ఆ గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు.

అత్తయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“సైకిల్ రాదని చెప్పిందా నీతో?”

“అవునండీ.”

“బాబూ, అది పదేళ్ళకే నేర్చుకుంది. చేతులు వదిలేసి బజారంతా తిరిగేది. కాళ్ళు విరగ్గొడతానని ఎన్నిసార్లు తిట్టానో.”

 అతను అత్తయ్యను చూస్తూ ఉండిపోయాడు. ఆ వీధి, ఆ పరుగు, ఆ అరుపులు, అన్నీ ఒక్కొక్కటే అతనికి కొత్తగా అర్థమవుతున్నాయని మొహం మీదే తెలిసిపోతోంది. లాయరమ్మ ముందుగా ఫక్కున నవ్వింది. నాన్నా, నువ్వు పట్టుకోవాలనే అలా చెప్పింది, అంది. అప్పుడు అతనికి నవ్వొచ్చింది. భుజాలు కదిలిపోయేలా నవ్వాడు, ఆ నవ్వులోనే ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే నవ్వుతున్నాడు, ఎంగిలి చేత్తో కళ్ళు తుడుచుకోబోతే పిల్ల ఆ చెయ్యి పట్టుకుని ఆపి, తన ఎడమచేత్తో తుడిచింది.

చేతులు ఎండిపోయినా ఎవరం లేవలేదు. అతను సర్దుకుని అత్తయ్యవైపు కాస్త జరిగి కూర్చున్నాడు.

“ఇంకా ఏం దాచిందండీ నా దగ్గర?” అని అడిగాడు.

అత్తయ్య చెప్పడం మొదలుపెట్టింది.